బంకు బోర్డు మీది పేరు వెనక ఎవరున్నారు? విలువలను బట్టి పెట్రోలు కొనడంలోని చిక్కులు

2022 మార్చి మొదటి వారంలో జరిగిన మూడు సంఘటనలను వరుసగా పెట్టి చూస్తే ఈ విషయం ఎంత చిక్కుముడో తెలుస్తుంది. ఉక్రెయిన్ మీద రష్యా దండెత్తి వారం తిరగకముందే, మార్చి 2న, అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో నెవార్క్ నగర పాలక మండలి తమ ఊరిలో లూకాయిల్ పేరుతో నడుస్తున్న పెట్రోలు బంకుల లైసెన్సులను నిలిపివేయాలని కోరుతూ తీర్మానం చేసింది. లూకాయిల్ రష్యన్ కంపెనీ. కానీ ఆ బంకులను నడుపుతున్నది మాత్రం ఆ కంపెనీ పేరును ఒప్పందం మీద వాడుకుంటున్న స్థానిక వ్యాపారులు. మరునాడే లూకాయిల్ డైరెక్టర్ల బోర్డు యుద్ధం త్వరగా ముగిసిపోవాలని బహిరంగంగా కోరింది. ఆ మరునాడు, మార్చి 4న, షెల్ అనే యూరోపియన్ చమురు కంపెనీ ఒక ఓడ నిండా రష్యా ముడిచమురును బాగా తగ్గిన ధరకు కొన్నది. విమర్శలు చెలరేగడంతో మార్చి 8న క్షమాపణ చెప్పి, ఇకపై అటువంటి కొనుగోళ్లు చేయబోమని ప్రకటించింది. అంటే రష్యాకు తన డబ్బు చేరకూడదన్న నిజాయితీతో ఆ వారం లూకాయిల్ బంకును దాటుకుని షెల్ బంకులోకి కారు తిప్పిన మనిషి, తాను అనుకున్న పని చేశాడో లేదో చెప్పడం అంత సులువు కాదు.

ఈ ప్రశ్న రష్యాతో మొదలైంది కాదు, రష్యాతో ముగిసేదీ కాదు. పర్యావరణం, మానవ హక్కులు, కార్మికుల హక్కులు, జాతి వివక్ష, ఎన్నికల విరాళాలు ఇలా ఏదో ఒక కారణంతో ఫలానా బంకులో పెట్రోలు పోయించుకోవద్దన్న పిలుపులు దశాబ్దాలుగా వస్తూనే ఉన్నాయి. వాటిలో కొన్ని ఫలించాయి, చాలా వరకు ఫలించలేదు, కొన్ని మాత్రం ఏ పాపమూ ఎరుగని వారికి తగిలాయి. ఈ తేడా ఎక్కడ వస్తుందో తెలియాలంటే ముందు పెట్రోలు బంకు దాకా ఎలా వస్తుందో తెలియాలి.

“ఇది ఎవరి పెట్రోలు?” అన్న ప్రశ్నలో దాగిన నాలుగు ప్రశ్నలు

మొదటిది, ముడిచమురు ఏ నేలలో నుంచి తోడినది అన్నది. రెండోది, దానిని శుద్ధి చేసి పెట్రోలుగా మార్చిన రిఫైనరీ ఎవరిది అన్నది. మూడోది, బంకు ముందు ఎత్తైన స్తంభం మీద వెలిగే పేరు ఎవరిది అన్నది. నాలుగోది, ఆ బంకు స్థలం, పంపులు, పక్కనే ఉండే చిన్న దుకాణం ఎవరి సొత్తు, అక్కడ జీతం తీసుకునేది ఎవరు అన్నది. సామాన్యంగా మనం ఈ నాలుగింటికీ ఒకటే జవాబు ఉంటుందని అనుకుంటాం. అమెరికాలో చాలా సందర్భాలలో నాలుగింటికి నాలుగు వేరు వేరు జవాబులు ఉంటాయి.

పెద్ద చమురు కంపెనీలు అక్కడ బంకుల యాజమాన్యం నుంచి చాలా వరకు తప్పుకున్నాయి. ఎక్సాన్‌మొబిల్ తన సొంత బంకులను డిస్ట్రిబ్యూటర్లకు అమ్మివేస్తున్నట్టు 2008లోనే ప్రకటించింది. కంపెనీ పేరు స్తంభం మీద ఉంటుంది, కంపెనీ రంగులు పంపుల మీద ఉంటాయి. కానీ బంకు మాత్రం పేరును అద్దెకు తీసుకున్న ఒక స్థానిక యజమానిదో, కొన్ని పదుల బంకులున్న ఒక డిస్ట్రిబ్యూటరుదో అయి ఉంటుంది. ఆ యజమాని ఒప్పందం ప్రకారం కొన్నేళ్ల పాటు ఆ బ్రాండు పెట్రోలునే అమ్మాలి. మధ్యలో బోర్డు మార్చుకోవాలంటే నష్టపరిహారం కట్టవలసి రావచ్చు.

టెర్మినల్ దగ్గర ఒకే ట్యాంకు, అనేక పేర్లు

రిఫైనరీలో తయారైన పెట్రోలు ఎక్కువగా పైపులైన్ల ద్వారా ప్రయాణిస్తుంది. హ్యూస్టన్ నుంచి న్యూయార్క్ రేవు వరకు సుమారు 5,500 మైళ్ల గొట్టాలతో వ్యాపించిన కలోనియల్ పైపులైను ఇందుకు మంచి ఉదాహరణ. అందులో వివిధ కంపెనీల సరుకు ఒకదాని వెనక ఒకటిగా విడతలు విడతలుగా వెళుతుంది. ఒకే ప్రమాణానికి తగినట్టు తయారైన పెట్రోలు ఎవరిదైనా ఒక్కటే అన్నది అక్కడి లెక్క. ఒక చివర వెయ్యి పీపాలు పోసిన కంపెనీ రెండో చివర వెయ్యి పీపాలు తీసుకుంటుంది, అవి తాను పోసినవే కానక్కరలేదు. ధాన్యాన్ని ఉమ్మడి గాదెలో పోసి, తరువాత అంతే కొలతకు ధాన్యం తీసుకున్నట్టు. ఇది చాలదన్నట్టు, ఒక ప్రాంతంలో రిఫైనరీ లేని కంపెనీ అక్కడ ఉన్న పోటీ కంపెనీ సరుకును తీసుకుని, మరో ప్రాంతంలో తన సరుకును దానికి బదులిచ్చే మారకపు ఒప్పందాలు కూడా ఈ వ్యాపారంలో మామూలే.

పైపులైను చివర ఉండేది టెర్మినల్, అంటే భారీ ట్యాంకులున్న ప్రాంగణం. అక్కడ సుమారు ఎనిమిదిన్నర వేల గ్యాలన్లు పట్టే ట్యాంకరు లారీ లోడింగు గొట్టాల కిందికి వచ్చి ఆగుతుంది. డ్రైవరు తన కార్డును యంత్రానికి చూపించి, తాను తీసుకెళుతున్నది ఏ బ్రాండు సరుకో ఆ సంకేతాన్ని నొక్కుతాడు. పెద్ద ట్యాంకులో నుంచి పెట్రోలు, మరో ట్యాంకులో నుంచి ఇథనాలు లారీలోకి దిగుతుండగా, ఒక సన్నని గొట్టం ద్వారా ఆ బ్రాండుకు చెందిన యాడిటివ్, అంటే ఇంజన్‌లో మడ్డి పేరుకోకుండా చేసే రసాయనం, కొద్ది మోతాదులో కలుస్తుంది. లారీ కదిలాక అదే గొట్టం కిందికి వేరే బ్రాండు లారీ వచ్చి నిలుస్తుంది. ముందు లారీకీ వెనక లారీకీ ట్యాంకు ఒక్కటే. తేడా ఆ యాడిటివ్‌లోనూ కాగితం మీద రాసిన పేరులోనూ మాత్రమే ఉంది. ఒక ఫలానా బంకులో అమ్ముడవుతున్న పెట్రోలు ఏ దేశపు ముడిచమురుతో తయారైందో తాను చెప్పలేనని అమెరికా ప్రభుత్వ ఇంధన సమాచార సంస్థ అంటున్నది ఇందుకే.

ఈ కలగాపులగానికి ఒక గట్టి ఉదాహరణ మోటివా. టెక్సాస్‌లోని పోర్ట్ ఆర్థర్‌లో ఉన్న దాని రిఫైనరీ సామర్థ్యంలో అమెరికాలోనే అతి పెద్ద వాటిలో ఒకటి. సౌదీ ప్రభుత్వ చమురు సంస్థ సౌదీ ఆరామ్‌కో, షెల్ ఉమ్మడిగా నడిపిన ఆ సంస్థ 2017లో చీలినప్పుడు పోర్ట్ ఆర్థర్ పూర్తిగా సౌదీ ఆరామ్‌కోకు వచ్చింది. దానితో పాటు టెక్సాస్ తూర్పు భాగంలోనూ ఆగ్నేయంలోని కొన్ని రాష్ట్రాలలోనూ షెల్ పేరుతో పెట్రోలు అమ్మే హక్కు కూడా మోటివాకే దక్కింది. సౌదీ ప్రభుత్వానికి డబ్బు వెళ్లకూడదని గట్టిగా అనుకునే వ్యక్తి, స్తంభం మీద యూరోపియన్ కంపెనీ గుర్తు చూసి తృప్తి పడితే, ఆ తృప్తికి ఆధారం ఏమీ లేదన్న మాట.

ఒక కొనుగోలుదారుడి ఏడాది లెక్క

డబ్బు ఎటు పోతుందో ఒక ఊహాత్మక లెక్కతో చూద్దాం. ఒక వ్యక్తి నెలకు 50 గ్యాలన్ల చొప్పున ఏడాదికి 600 గ్యాలన్లు వాడతాడనీ, గ్యాలను ధర 3.50 డాలర్లనీ అనుకుందాం. ఏడాది ఖర్చు 2,100 డాలర్లు. అమెరికాలో పెట్రోలు ధరలో సుమారు సగం ముడిచమురుకే పోతుంది కాబట్టి వెయ్యి డాలర్లకు పైగా ప్రపంచ విపణికి చేరుతుంది. మిగిలిన దానిలో శుద్ధి ఖర్చు, పన్నులు, రవాణా, అమ్మకపు ఖర్చులు ఉంటాయి. కేంద్ర పన్ను ఒక్కటే గ్యాలనుకు 18.4 సెంట్లు, 1993 నుంచి అది మారలేదు. మన ఉదాహరణలో అది ఏడాదికి 110 డాలర్లు.

ఇప్పుడు ఈ వ్యక్తి ఒక బ్రాండును వదిలి రోడ్డు అవతల ఉన్న మరో బ్రాండుకు మారాడనుకుందాం. ముడిచమురు డబ్బు మారదు, పన్ను మారదు, రవాణా మారదు. మొదటి బ్రాండు రిఫైనరీ తన సరుకును తయారు చేయడం ఆపదు. తన బంకులలో అమ్ముడుపోనిది బ్రాండు లేని బంకులకో, పోటీ కంపెనీకో అమ్ముతుంది. నిజంగా చేతులు మారేది ఆ పేరుకు కట్టే రుసుము, బంకు యజమానికి మిగిలేది మాత్రమే. రుసుము గ్యాలనుకు 5 సెంట్లు, యజమానికి మిగిలేది 10 సెంట్లు అని ఊహిస్తే, ఏడాదికి కంపెనీ కోల్పోయేది 30 డాలర్లు, బంకు యజమాని కోల్పోయేది 60 డాలర్లు. పెట్రోలు పోయించుకుంటూ దుకాణంలో కొనే కాఫీ, చిరుతిళ్ల మీద వచ్చే లాభం కూడా పోతుంది కాబట్టి యజమాని నష్టం ఇంకా ఎక్కువ. ఈ అంకెలు ఊహించినవే అయినా, దెబ్బ ఎవరి మీద ఎక్కువ పడుతుందన్న క్రమం మాత్రం ఈ వ్యాపారపు తీరును బట్టి వచ్చినదే.

ఫలానా రోజున ఎవరూ పెట్రోలు కొనవద్దన్న పిలుపులకు ఇంతకన్నా బలం తక్కువ. 1999 ఏప్రిల్ 30న అమెరికాలో ఇటువంటి పిలుపు ఈమెయిళ్ల ద్వారా విస్తృతంగా తిరిగింది. ఆ రోజు కొనని వారు ముందు రోజో తరువాతి రోజో కొంటారు. వాడకం తగ్గనంత వరకు అమ్మకం కూడా తగ్గదు.

మెక్సికో గల్ఫ్ తరువాత బీపీ బంకులకు ఏమైంది

2010 ఏప్రిల్ 20న మెక్సికో గల్ఫ్‌లో బీపీ అనే చమురు కంపెనీ కోసం బావి తవ్వుతున్న డీప్‌వాటర్ హొరైజన్ వేదిక పేలి 11 మంది కార్మికులు చనిపోయారు. జూలై 15న బావి నోరు మూసే దాకా సముద్రంలోకి చమురు కారుతూనే ఉంది. ప్రజలలో కోపం న్యాయమైనది. ఆ కోపం చూపించడానికి కంటి ముందు ఉన్న ఒకే ఒక్క చోటు ఆకుపచ్చ, పసుపు రంగుల బీపీ బంకు. కానీ ఆ బంకులలో అత్యధిక భాగం స్వతంత్ర వ్యాపారులవి. బావి తవ్వకంలో వారి పాత్ర ఏమీ లేదు. అమ్మకాలు పడిపోయినప్పుడు బాధ వారిదే. ఆర్థికవేత్తలు తరువాత లెక్కగట్టగా, ఆ నెలలలో బీపీ బంకుల అమ్మకాలు సుమారు 4 శాతం, గ్యాలను మీద మిగులు సుమారు 3 సెంట్లు తగ్గినట్టు తేలింది. ఒక చిన్న బంకుకు ఇది పెద్ద నష్టం. నష్టపరిహారాలకూ జరిమానాలకూ శుద్ధి పనులకూ కలిపి వేల కోట్ల డాలర్లు కట్టిన కంపెనీకి మాత్రం ఇది లెక్కలోకి రాని మొత్తం. ఆ కంపెనీని నిజంగా వంచినవి కోర్టులు, ప్రభుత్వ చర్యలు, వాటాల పతనం.

దీనికి ఎదురు వాదన ఉంది, దానిలో బలమూ ఉంది. బంకు యజమాని అమాయకుడే కావచ్చు, కానీ ఒక పేరును అద్దెకు తీసుకున్నప్పుడు ఆ పేరుకు వచ్చే మంచితో పాటు చెడునూ తీసుకున్నట్టే. బీపీ అంటే పర్యావరణ స్పృహ గల కంపెనీ అన్న ప్రచారం వల్ల అంతకు ముందు ఆ యజమానులకూ లాభం చేకూరింది. యజమానుల ఫిర్యాదులు కంపెనీ చెవిన పడి, బోర్డు మార్చుకుంటామన్న బెదిరింపులు పెరిగితే, ఆ దారిన కూడా ఒత్తిడి పైకి చేరుతుంది. ఈ వాదన పూర్తిగా కొట్టివేయదగినది కాదు. అయితే కొనుగోలుదారుడు ఎవరికి దెబ్బ తగులుతుందో తెలిసి ఎంచుకోవడం వేరు, తెలియక చేయడం వేరు.

బహిష్కరణ ఫలించిన చోట జరిగింది వేరు

ఇప్పటిదాకా చెప్పినది చూసి బహిష్కరణలు దండగ అనుకుంటే పొరపాటే. 1995లో షెల్, ఉత్తర సముద్రంలో వాడి వదిలేసిన బ్రెంట్ స్పార్ అనే చమురు నిల్వ కట్టడాన్ని అట్లాంటిక్ లోతుల్లో ముంచివేయాలని నిర్ణయించింది. ఏప్రిల్ 30న పర్యావరణ ఉద్యమ సంస్థ గ్రీన్‌పీస్ కార్యకర్తలు ఆ కట్టడం మీదికి ఎక్కారు. జర్మనీలో వాహనదారులు షెల్ బంకులను వదిలేశారు. కొన్ని బంకులలో అమ్మకాలు సగానికి పడిపోయాయని వార్తలు వచ్చాయి. కొన్ని బంకుల మీద దాడులు కూడా జరిగాయి, అవి ఏ విధంగానూ సమర్థించదగినవి కావు. జర్మన్ ఛాన్సలర్ హెల్ముట్ కోల్ స్వయంగా బ్రిటిష్ ప్రధాని వద్ద ఈ విషయం లేవనెత్తారు. జూన్ 20న షెల్ వెనక్కి తగ్గింది. ఆ కట్టడాన్ని ముక్కలు చేసి నార్వేలో ఓడరేవు గట్టు నిర్మాణానికి వాడారు. 1998లో ఈశాన్య అట్లాంటిక్ తీర దేశాలు ఇటువంటి కట్టడాలను సముద్రంలో పారవేయడాన్నే నిషేధించాయి.

ఈ కథకు మరో ముఖం కూడా ఉంది. కట్టడంలో 5,500 టన్నుల చమురు మిగిలి ఉందన్న తన అంచనా తప్పని గ్రీన్‌పీస్ అదే సెప్టెంబరులో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. లక్షల మంది కొనుగోలుదారులు ఆ ఉద్యమం చెప్పిన మాటను నమ్మే బంకు మార్చారు. మన దగ్గరికి వచ్చే ఆరోపణను పరిశీలించే వీలు మనకు ఎంత తక్కువో ఇది చూపుతుంది.

1996లో అమెరికన్ చమురు కంపెనీ టెక్సకోది మరో దారి. నల్లజాతి ఉద్యోగుల పట్ల ఆ కంపెనీ అధికారులు అవమానకరంగా మాట్లాడిన రికార్డింగులు నవంబరు 4న బయటపడ్డాయి. జెస్సీ జాక్సన్ వంటి పౌర హక్కుల నాయకులు బహిష్కరణకు పిలుపునిచ్చారు, వాటాలున్న న్యూయార్క్ రాష్ట్ర పింఛను నిధి అధికారి కంపెనీని నిలదీశారు. రెండేళ్లుగా కోర్టులో నానుతున్న వివక్ష కేసును కంపెనీ నవంబరు 15న సుమారు 17.6 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది.

ఈ రెండింటినీ దక్షిణాఫ్రికా ఉదంతం పక్కన పెట్టి చూడాలి. 1986లో అమెరికా కార్మిక సంఘాలు, వర్ణ వివక్ష వ్యతిరేక సంఘాలు షెల్ బహిష్కరణకు పిలుపునిచ్చి ఏళ్ల తరబడి నడిపాయి. షెల్ ఆ దేశం వదలలేదు. 1989లో దేశం వదిలింది మొబిల్, అదీ దక్షిణాఫ్రికాలో పనిచేసే అమెరికన్ కంపెనీల మీద పన్ను భారం పెంచిన చట్టాన్ని కారణంగా చెప్పి. బ్రెంట్ స్పార్ విషయంలోనూ టెక్సకో విషయంలోనూ అడిగింది ఒకే ఒక్క నిర్ణయం. కంపెనీ కొద్ది రోజులలో, తట్టుకోగలిగిన ఖర్చుతో, మార్చుకోగలిగిన నిర్ణయం. ఒక దేశం నుంచి మొత్తం వ్యాపారం ఎత్తివేయమనడం అటువంటిది కాదు. పైగా ఫలించిన ప్రతిచోటా బంకు దగ్గరి కోపానికి తోడు కోర్టో, ప్రభుత్వమో, వాటాదారులో ఉన్నారు. నా దృష్టిలో బహిష్కరణ బలం డబ్బు ఆపడంలో కన్నా, ఆ కోపాన్ని అందరికీ కనబడేట్టు చేయడంలో ఉంది.

మంచి పేరు నిలవదు, చెడ్డ పేరూ నిలవదు

“మంచి” బ్రాండు ఏదో ఒకసారి తేల్చుకుంటే చాలదు. సనోకో కంపెనీ 1993లో సీరీస్ అనే కూటమి రూపొందించిన పర్యావరణ సూత్రాలకు సంతకం చేసిన తొలి పెద్ద చమురు కంపెనీ. కొందరు పర్యావరణ ప్రేమికులు ఆ కారణంగా దానిని ఎంచుకున్నారు. 2012లో దానిని ఎనర్జీ ట్రాన్స్‌ఫర్ కొన్నది. 2016లో స్టాండింగ్ రాక్ ఆదివాసుల నిరసనలకు కారణమైన డకోటా యాక్సెస్ పైపులైను ఆ సంస్థదే. స్తంభం మీది పేరు మారలేదు, వెనక ఉన్నవారు మారారు.

సిట్గో ఉదంతం దీనికి తలకిందులు. వెనిజులా ప్రభుత్వ చమురు సంస్థ 1990 నాటికి దానిని పూర్తిగా తన చేతిలోకి తీసుకుంది. 2005లో ఆ కంపెనీ అమెరికాలోని పేదలకు చలికాలపు ఇంధనం తగ్గింపు ధరకు ఇచ్చినప్పుడు, అప్పటి వెనిజులా అధ్యక్షుడు హ్యూగో చావెజ్ అభిమానులు సిట్గోలోనే కొనమన్నారు. 2006 సెప్టెంబరులో ఐక్యరాజ్య సమితిలో చావెజ్ అమెరికా అధ్యక్షుణ్ణి దెయ్యం అని తిట్టాక వ్యతిరేకులు సిట్గోలో కొనవద్దన్నారు. 2019లో అమెరికా వెనిజులా ప్రతిపక్ష నేతను గుర్తించడంతో సిట్గో పాలన ప్రతిపక్షం నియమించిన బోర్డుకు వెళ్లింది. ఆ తరువాత కూడా, చావెజ్ తరువాత వెనిజులా అధ్యక్షుడైన మదురో మీద కోపంతో సిట్గోను దూరం పెట్టినవారు, తెలియకుండానే మదురో ప్రత్యర్థుల చేతిలోని కంపెనీని దూరం పెట్టారు.

విరాళాల లెక్క ఎంత వరకు తెలుస్తుంది

రాజకీయ విలువలను బట్టి కొనేవారు ఎక్కువగా చూసేది ఎన్నికల విరాళాలు. అమెరికా కేంద్ర ఎన్నికలలో కంపెనీలు అభ్యర్థులకు నేరుగా డబ్బు ఇవ్వడాన్ని 1907 నుంచే చట్టం నిషేధించింది. కంపెనీ పేరుతో ఉండే రాజకీయ కమిటీలు ఉద్యోగులు, వాటాదారుల నుంచి పోగు చేసి ఇస్తాయి. 2010లో సుప్రీంకోర్టు తీర్పుతో కంపెనీలు స్వతంత్ర ప్రచారానికి ఖర్చు చేసే దారి తెరుచుకుంది. కమిటీల లెక్కలు బహిరంగమే, కానీ పెద్ద కంపెనీల కమిటీలు తరచు రెండు పార్టీలకూ ఇస్తాయి కాబట్టి వాటిని చదివి తీర్పు చెప్పడం కష్టం. స్పష్టంగా కనబడేవి ప్రజాభిప్రాయ సేకరణలు. 2010లో కాలిఫోర్నియా వాతావరణ చట్టాన్ని నిలిపివేయాలన్న 23వ ప్రతిపాదనకు ప్రధానంగా డబ్బు పెట్టినవి వాలెరో, టెసోరో అనే రిఫైనరీ కంపెనీలు. అక్కడ ఏ కంపెనీ ఏ పక్షమో దాపరికం లేదు. ఓటర్లు ఆ ప్రతిపాదనను తిరస్కరించారు. ఇక చిన్న డిస్ట్రిబ్యూటర్లు, బంకు యజమానులు ఎవరికి ఎంత ఇస్తారో సామాన్య కొనుగోలుదారుడు ఎప్పుడూ వెతకడు.

ఏ దేశపు చమురు “నీతి గలది”?

నియంతల దేశాల చమురు కన్నా ప్రజాస్వామ్య దేశాల చమురు మేలన్నది ఒక వాదన. కెనడా చమురును ఆ పేరుతోనే సమర్థిస్తారు. అమెరికా దిగుమతి చేసుకునే ముడిచమురులో సగానికి పైగా ఇప్పుడు కెనడాదే. అయితే కెనడాలోని అల్బెర్టా చమురు ఇసుకల నుంచి ముడిచమురు తీయడానికి సాధారణ బావుల కన్నా ఎక్కువ శక్తి ఖర్చవుతుంది, అంటే తీసే దశలోనే ఎక్కువ కార్బన్ వెలువడుతుంది. మానవ హక్కులకు మొదటి స్థానం ఇచ్చే వ్యక్తి, వాతావరణానికి మొదటి స్థానం ఇచ్చే వ్యక్తి ఇద్దరూ నిజాయితీగా ఆలోచించి విరుద్ధమైన జవాబులకు చేరవచ్చు. ఏ నేలలో నుంచి వచ్చినా, ఏ బోర్డు కింద పోసినా, ఒక గ్యాలను పెట్రోలు మండితే దాదాపు 8.9 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. మన ఉదాహరణలోని వ్యక్తి ఏడాదికి 600 గ్యాలన్లకు 5 టన్నులకు పైగా వదులుతాడు. బ్రాండు మార్చితే ఈ అంకె మారదు. వాడకం 60 గ్యాలన్లు తగ్గితే అర టన్నుకు పైగా తగ్గుతుంది, ముడిచమురు అమ్మేవారికి పోయే వందకు పైగా డాలర్లూ ఆగుతాయి. బంకు మార్చడం వల్ల కంపెనీకి ఆగిన 30 డాలర్లతో దీనిని పోల్చి చూడవచ్చు.

ఫలితం కోసమా, మనస్సాక్షి కోసమా

విలువలను బట్టి కొనేవారిలో కొందరు ఫలితం ఆశిస్తారు, వారికి పైన చెప్పిన లెక్కలు ముఖ్యం. కొందరు ఫలితంతో పని లేకుండా, ఒక అన్యాయంలో తమ చేయి ఉండకూడదనుకుంటారు. నైజీరియాలో షెల్ చమురు తవ్వకాలకు వ్యతిరేకంగా ఒగోనీ ప్రజల తరఫున పోరాడిన కెన్ సరో-వివాను, మరో ఎనిమిది మందిని 1995 నవంబరు 10న సైనిక ప్రభుత్వం ఉరి తీసిన తరువాత షెల్ బంకులోకి అడుగు పెట్టలేకపోయిన మనిషిని, “నీ 30 డాలర్లతో ఏమవుతుంది” అని అడగడం అర్థం లేని మాట. ఆయన లెక్క డాలర్లది కాదు. అయితే చేతులు కడుక్కోవాలన్న కోరికకు కూడా, పెట్రోలు కలిసిపోయే తీరు ఒక హద్దు పెడుతుంది: బోర్డు వదిలినా అదే ట్యాంకు సరుకు మరో బోర్డు కింద ఎదురుకావచ్చు.

ఇక కొనుగోలుదారుడు కొంతైనా నిజం తెలుసుకోగలిగేది నాలుగో ప్రశ్నకే, అంటే అమ్మేది ఎవరు, అక్కడి ఉద్యోగులకు ఏం దక్కుతుంది అన్నదానికి. ఉదాహరణకు పెట్రోలు కూడా అమ్మే వావా దుకాణాల సంస్థలో ఉద్యోగులకు వాటాల పథకం ద్వారా యాజమాన్యంలో భాగం ఉంది. విచిత్రంగా, బహిష్కరణ పిలుపులలో అతి తక్కువగా వినిపించే ప్రశ్న ఇదే.

కంపెనీని, బంకును విడదీసి చూడవలసిన అవసరం చివరికి ప్రభుత్వానికీ వచ్చింది. 2025 అక్టోబరులో అమెరికా ప్రభుత్వం లూకాయిల్ మీద నేరుగా ఆంక్షలు విధించింది. కొద్ది వారాలకే, రష్యా వెలుపల ఆ పేరుతో ఉన్న పెట్రోలు బంకులతో లావాదేవీలు కొంతకాలం కొనసాగించుకోవచ్చని విడిగా అనుమతి ఇవ్వవలసి వచ్చింది.